టర్కిష్ మాటల పుట్టుపూర్వోత్తరాలు వెతకడం ఎలా?

ఇస్తాంబుల్‌లో ఉదయం ఫలహారపు బల్ల మీద కనిపించే వాటి పేర్లను ఒక కాగితం మీద రాసుకుంటే, టర్కిష్ భాషలోకి మాటలు నడిచి వచ్చిన దారులు చాలావరకు ఆ కాగితం మీదే కనబడతాయి. రొట్టెను 'ఎక్మెక్' అంటారు, గుడ్డును 'యుముర్తా' అంటారు. ఈ రెండూ తుర్కు జాతుల (టర్కిష్, కజక్ వంటి చుట్టపు భాషలు మాట్లాడేవారి) సొంత మాటలు. 'పెయ్‌నిర్' పారశీకం నుంచి వచ్చింది; మన పనీరుదీ అదే మూలం. ఆలివ్ కాయకు వాడే 'జెయ్‌తిన్' అరబ్బీ మాట. 'దొమాతెస్' అమెరికా ఖండంలో పుట్టి గ్రీకుల నోటి మీదుగా చేరింది. 'చాయ్' చైనాలో పుట్టి పారశీకం గుండా వచ్చింది. ఇక ఆ ఫలహారం పేరే 'కహ్వాల్తి'. 'కహ్వె' అంటే కాఫీ, 'అల్తి' అంటే దాని కింద. కాఫీ తాగబోయే ముందు దానికి ఆధారంగా కడుపులో వేసుకునేది అని అర్థం.

మన వ్యాకరణాలు మాటలను తత్సమం, తద్భవం, దేశ్యం, అన్యదేశ్యం అని విడదీసి చూడటం నేర్పాయి. టర్కిష్ మాటల పుట్టుక వెతకడానికి తెలుగువారికి ఇంతకన్న మంచి పునాది అక్కరలేదు. అయితే ఒక్క విషయంలో మాత్రం మొదటినుంచీ జాగ్రత్తగా ఉండాలి. ఒక మాట ఎక్కడ పుట్టింది అనేది ఒక ప్రశ్న, అది టర్కిష్‌కు ఎవరి చేతి మీదుగా అందింది అనేది వేరొక ప్రశ్న. 'షెకెర్' అనే చక్కెర మాటకు మూలం సంస్కృతంలోని శర్కర, కానీ టర్కిష్‌కు దాన్ని ఇచ్చింది పారశీకం. మిరియాలకూ మిరపకూ వాడే 'బిబెర్' మూలం మన పిప్పలి దగ్గరే ఉంది, కానీ టర్కిష్‌కు అది గ్రీకు నుంచి వచ్చింది. ఈ రెండు ప్రశ్నలకూ విడివిడిగా జవాబు రాసుకోకపోతే వెతుకులాట మొదటి మెట్టులోనే దారి తప్పుతుంది.

ఈ వ్యాసంలో టర్కిష్ మాటలను తెలుగు లిపిలో దగ్గరి ఉచ్చారణతో రాస్తున్నాను. మన లిపికి లొంగని అచ్చులు అందులో మూడున్నాయి. పెదవులు గుండ్రంగా చుట్టి 'ఇ' అంటే వచ్చేది ఒకటి, అలాగే 'ఎ' అంటే వచ్చేది ఇంకొకటి, 'ఇ' అనబోయి నాలుకను వెనక్కు లాగితే వచ్చేది మూడోది. వీటిని వరుసగా ఉ, ఒ, ఇ అనే అక్షరాలతోనే సూచించాను. సకారాన్ని నాదంతో, అంటే గొంతు అదిరేలా, పలికితే వచ్చే ధ్వనికి 'జ' వాడాను.

ముందు చెవితో వినడం

నిఘంటువు తెరవక ముందు మాటను పైకి పలికి చూడండి. టర్కిష్‌లో అచ్చులు రెండు వర్గాలు. ఎ, ఇ, గుండ్రపు 'ఇ', గుండ్రపు 'ఎ' ముందు వర్గం. అ, ఒ, ఉ, వెనక్కు లాగిన 'ఇ' వెనుక వర్గం. సొంత మాటలో సాధారణంగా అన్ని అచ్చులూ ఒకే వర్గానికి చెందినవై ఉంటాయి. నదికి, చెట్టుకు అని మనం మాటను బట్టి 'కి'ని, 'కు'ను మార్చుకున్నట్టే, అక్కడి ప్రత్యయాలు కూడా మాటలోని అచ్చును బట్టి మారతాయి. ఇళ్లు 'ఎవ్‌లెర్', గుర్రాలు 'అత్‌లర్'. ఈ పొందిక చెడితే అన్యదేశ్యమేమో అని అనుమానించవచ్చు. పుస్తకానికి వాడే 'కితాప్'లో 'ఇ' ముందు వర్గం, 'ఆ' వెనుక వర్గం. ఆ మాట మనకూ తెలిసిన అరబ్బీ కితాబే. చివరి 'బ' అక్కడ 'ప' అయింది, ఎందుకంటే టర్కిష్ మాట చివర బ, ద వంటి నాదం ఉన్న స్పర్శాలను సాధారణంగా ఇష్టపడదు. ప్రత్యయం చేరగానే 'కితాబి' అని అసలు హల్లు తిరిగి వస్తుంది.

మొదటి హల్లు ఇంకా గట్టి గుర్తు. ర, ల, న, మ, ఫ, హ, నాదంతో కూడిన 'స' ధ్వని ఇవి సొంత తుర్కు మాటల మొదట్లో దాదాపు రావు. 'ఏమి' అనే అర్థంలోని 'నె' వంటివి బహు కొద్ది మినహాయింపులు. వ, ప విషయంలో మాత్రం తొందరపడకూడదు. 'ఉంది' అనడానికి వాడే 'వర్', వేలుకు వాడే 'పర్మక్' అచ్చమైన తుర్కు మాటలే, వాటి పాత రూపాలు 'బర్', 'బర్మక్'.

మాట మొదట్లో జంట హల్లు కూడా టర్కిష్‌కు సరిపడదు. ఫ్రెంచి నుంచి వచ్చిన స్టేషన్ మాట 'ఇస్తాస్యోన్' అయింది, ఇటాలియన్ 'స్కాలా' ఓడరేవు మెట్టుకు పేరై 'ఇస్కెలె' అయింది, పాత గ్రీకు పట్టణం స్మిర్నా 'ఇజ్మిర్' అయింది. మన పల్లెల్లో స్కూలును ఇస్కూలు అనే నాలుకకు ఈ మార్పు ఎవరూ వివరించి చెప్పనక్కరలేదు.

ఈ గుర్తులు అనుమానాన్ని మాత్రమే ఇస్తాయి, తీర్పును ఇవ్వవు. యాపిల్‌ను 'ఎల్మా' అంటారు. ఎ, ఆ కలిశాయి కనుక పరాయిదని అనిపిస్తుంది. కానీ అజర్‌బైజాన్‌లోనూ కజక్ భాషలోనూ అది ఇప్పటికీ 'అల్మా'. పాత రూపంలో పొందిక చెక్కుచెదరలేదు. తోబుట్టువును 'కర్దెష్' అంటారు, ఇక్కడా పొందిక లేదు. దాని పాత రూపం 'కరిందాష్'. 'కరిన్' అంటే కడుపు, 'దాష్' అంటే పంచుకున్నవాడు. మన సహోదరుడు కూడా ఒకే ఉదరం పంచుకున్నవాడే. రెండు భాషలూ ఒకదాన్ని చూసి ఒకటి నేర్చుకోలేదు, ఒకే మానవ సత్యాన్ని ఎవరి మాటల్లో వారు చెప్పుకున్నాయి. ఇందుకు విరుద్ధంగా పారశీకం నుంచి వచ్చిన 'చోర్బా' (మనం షోర్వా అనే పులుసు) అన్ని నియమాలకూ లొంగి సొంత బిడ్డలా కూర్చుంటుంది. కాబట్టి చెవి చెప్పినదాన్ని రాసుకుని, దాని పక్కన ప్రశ్నార్థకం పెట్టి ముందుకు సాగాలి.

మాటను విప్పి చూడటం

టర్కిష్ మాటకు వెనుక ప్రత్యయం మీద ప్రత్యయం చేర్చుకుంటూ పోతుంది, ఈ పద్ధతి మనకు కొత్త కాదు. అందుచేత మాటను చివరి నుంచి విప్పుకుంటూ వస్తే ధాతువు దొరుకుతుంది. ధాతువు దొరికి, దాని అర్థం మాట అర్థంతో పొసగితే అది సొంత మాటేనని చాలావరకు నమ్మవచ్చు.

వంటల పేర్లు ఈ పనికి ఎంతో అనుకూలమైనవి. 'దొల్' అంటే నిండు, 'దొల్మా' అంటే లోపల కూరి నింపినది. 'సర్' అంటే చుట్టు, 'సర్మా' అంటే ద్రాక్షాకులోనో క్యాబేజీ ఆకులోనో చుట్టినది. 'దొన్' అంటే గడ్డకట్టు, 'దొన్‌దుర్' అంటే గడ్డకట్టించు, 'దొన్‌దుర్మా' అంటే ఐస్‌క్రీము. 'కవుర్' అంటే వేయించు, 'కవుర్మా' అంటే వేయించిన మాంసం. ఈ మాటే పారశీకం, ఉర్దూల మీదుగా వచ్చి మన కుర్మా అయింది. ప్రపంచమంతా వాడే యోగర్ట్ అనే మాట కూడా ఇలా విప్పదగినదే. దాన్ని అక్కడ 'యోఉర్త్' అంటారు, చిక్కబరచడం, పిసకడం అనే అర్థమున్న 'యోఉర్' ధాతువు అందులో ఉంది.

వృత్తులను చెప్పే ప్రత్యయం 'జి' లేదా 'చి'. రొట్టెలు చేసేవాడు 'ఎక్మెక్‌చి', ఇనుము పని చేసేవాడు 'దెమిర్‌జి'. ఈ ప్రత్యయాన్ని మనం కూడా ఏనాటి నుంచో వాడుతున్నాం. ఖజానా అరబ్బీ మాట, దానికి తుర్కు 'చి' చేరి ఖజాంచి అయింది.

వాడుక వస్తువుల పేర్లలో ఒక్కోసారి రెండు భాషలు ఒకే మాటలో కాపురం చేస్తుంటాయి. ఫ్రిజ్‌ను 'బుజ్‌దొలాబి' అంటారు. 'బుజ్' అంటే మంచుగడ్డ, తుర్కు మాట. 'దొలాప్' అంటే బీరువా, కానీ దాని పారశీక మూలమైన 'దూలాబ్'కు అర్థం నీళ్లు తోడే చక్రం. తిరిగే చక్రం పేరు గోడలోని అలమరకు, అక్కడి నుంచి వంటగదిలోని చల్లని పెట్టెకు చేరింది. మాట రూపంతో పాటు అర్థం నడిచిన దారిని కూడా రాసుకోవాలని నేను పట్టుబట్టేది ఇలాంటి వాటి కోసమే. 'మిసాఫిర్' అంటే అరబ్బీలో ప్రయాణికుడు, మనకు తెలిసిన ముసాఫిర్ అతడే. టర్కిష్‌లో మాత్రం ఇంటికి వచ్చిన అతిథి.

వారాల పేర్లను విప్పి చూడటం మంచి అభ్యాసం. ఆదివారం 'పజార్', అది పారశీక బాజార్, మన బజారు; సంత జరిగే రోజు. సోమవారం 'పజార్‌తెసి', అంటే పజార్ మర్నాడు. బుధవారం 'చార్షంబా', గురువారం 'పెర్షెంబె'. శనివారం తర్వాత నాలుగోది, ఐదోది అని పారశీకంలో వాటి అర్థం. చార్మినార్‌లోని చార్, పంజాబ్‌లోని పంజ్ తెలిసినవారికి ఇవి కొత్తవి కావు. శుక్రవారం అరబ్బీ 'జుమా', శనివారం 'జుమార్‌తెసి', అంటే జుమా మర్నాడు.

మనకు తెలిసిన చుట్టాలు

తెలుగువారికి ఇంకొక సౌకర్యం ఉంది. అరబ్బీ, పారశీక మాటలు ఒకవైపు ఒస్మానీల (ఒట్టోమన్ సుల్తానుల) ఆస్థానానికీ ఇంకొకవైపు దక్కనుకూ ప్రయాణించాయి కనుక, మన జేబు అక్కడ 'జెప్', మన కాగితం అక్కడ 'కాఉత్', దుకాణం 'దుక్కాన్', సీసా 'షిషె', పరదా 'పెర్దె', కలం 'కలెమ్', మైదానం 'మెయ్‌దాన్', మూటలు మోసే హమాలీ 'హమాల్'. ఇలాంటి మాట ఎదురైనప్పుడు, అది టర్కిష్ నుంచి తెలుగుకు వచ్చిందని రాసేయడం తరచుగా జరిగే పొరపాటు. ఈ రెండూ ఒకే తల్లి బిడ్డలు, ఒకరికొకరు జన్మనిచ్చుకోలేదు. నిజంగా తుర్కు భాషల నుంచి ఇటు వచ్చినవి వేరే ఉన్నాయి. పైన చెప్పిన కుర్మా, ఖజాంచిలోని 'చి', బేగం, సైన్యం అనే అర్థంలోని 'ఒర్దు' నుంచి వచ్చిన ఉర్దూ అనే భాష పేరు అటువంటివి.

దారి, కాలం

ఇప్పుడు నిఘంటువు తెరవవచ్చు. టర్కీలో అధికార నిఘంటువును ప్రచురించేది 1932లో ఏర్పడిన టర్కిష్ భాషా సంస్థ. ఆ నిఘంటువు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది, అన్యదేశ్యాల పక్కన ఏ భాష నుంచి వచ్చిందో ఒక్క మాటలో చెబుతుంది. 'అరాప్‌చా' అంటే అరబ్బీ, 'ఫార్స్‌చా' పారశీకం, 'రుమ్‌జా' అనతోలియా (టర్కీలోని ఆసియా భాగం), ఇస్తాంబుల్ గ్రీకుల భాష, 'ఫ్రాన్సిజ్‌చా' ఫ్రెంచి. 2005 ముద్రణ లెక్క ప్రకారం అరబ్బీ మాటలు 6,463, ఫ్రెంచి మాటలు 4,974, పారశీక మాటలు 1,374. రెండో స్థానంలో ఫ్రెంచి ఉండటం చాలామందికి ఆశ్చర్యం కలిగిస్తుంది, కానీ లిఫ్టును 'అసాన్సోర్' అనీ, క్షౌరశాల నడిపేవారిని 'కువాఫోర్' అనీ, సముద్రతీరాన్ని 'ప్లాజ్' అనీ అనే భాషలో అది సహజమే. ఫ్రెంచి మాటలను విన్నట్టుగా రాసుకోవడంతో వాటి మూలం కంటికి కనబడదు. పైకి చదివితే చెవికి వెంటనే తెలుస్తుంది.

ఆ ఒక్క మాటతో ఆగకుండా కాలం వెతకాలి. సెవాన్ నిషాన్యాన్ వ్యుత్పత్తి నిఘంటువు 2002లో మొదట అచ్చయింది, ఇప్పుడు ఇంటర్నెట్‌లోనూ ఉంది. ఒక్కో మాట మొదట ఏ గ్రంథంలో, ఏ కాలంలో కనబడిందో చెప్పడం దాని గొప్ప గుణం. సొంత మాటలకు సాక్ష్యం ఇంకా వెనక్కి పోతుంది. మంగోలియాలోని ఓర్ఖాన్ నది ఒడ్డున 732లో కుల్ తెగిన్ అనే తుర్కు రాకుమారుడి స్మారకంగా నిలిపిన శిలాశాసనంలో నీటిని 'సుబ్' అన్నారు. నేటి టర్కిష్‌లో అది 'సు'. 11వ శతాబ్దంలో మహ్మూద్ కాష్గరీ తుర్కు మాటలకు అరబ్బీలో అర్థాలు రాసిన నిఘంటువులో యోఉర్త్, మజ్జిగ లాంటి 'ఐరాన్' రెండూ ఉన్నాయి. ఆ నిఘంటువుకు 1266లో రాసిన ఒకే ఒక్క ప్రతి మిగిలింది, అది ఇస్తాంబుల్‌లో ఉంది. వేయి సంవత్సరాల నాటి పెరుగు పేరును ఒకే ఒక్క చేతిరాత ప్రతి మనదాకా మోసుకొచ్చిందని తలచుకున్నప్పుడల్లా నాకు ఆ లేఖకుడికి నమస్కరించాలనిపిస్తుంది.

1928 నవంబరులో టర్కీ అరబ్బీ లిపిని వదిలి లాటిన్ లిపికి మారింది. అంతకు ముందటి రాత చదవగలిగితే మరో ఆధారం దొరుకుతుంది, ఎందుకంటే అరబ్బీ మాటలను అరబ్బీలో ఉన్న అక్షరాలతోనే రాసేవారు. గొంతు లోతు నుంచి పలికే 'ఐన్' అక్షరం కనబడితే అరబ్బీ అని దాదాపు నిశ్చయించుకోవచ్చు. కానీ 'సాద్' అనే బరువైన సకారాన్ని చూసి అలా నిశ్చయించకూడదు. వెనుక వర్గపు అచ్చులున్న తుర్కు మాటలకూ దాన్ని వాడేవారు. అచ్చమైన తుర్కు మాట 'సు'ను కూడా సాద్‌తోనే రాసేవారు.

పాత నిఘంటువుల్లో దొరకని మాటలూ ఉన్నాయి, వాటి సంగతి తెలియక నేను బడికి వాడే 'ఒకుల్' కోసం ఒస్మానీ కాలపు నిఘంటువులో చాలాసేపు వెతికాను. అది అరబ్బీ, పారశీక మాటల స్థానంలో తుర్కు మాటలు పెట్టిన 1930ల భాషా సంస్కరణలో 'చదువు' అనే 'ఒకు' ధాతువు నుంచి కల్పించిన మాట, అంతకు ముందు బడిని 'మెక్తెప్' అనేవారు. 'ఉచ్' అంటే ఎగురు, విమానం 'ఉచక్'. సమాచారాన్ని లెక్కించేది అనే అర్థంలో కంప్యూటర్ 'బిల్గిసాయార్' అయింది. నెలల పేర్లలో కూడా 1945లో నాలుగింటిని మార్చారు. అలా వచ్చినదే అక్టోబరుకు 'ఎకిమ్', అంటే విత్తడం. జనవరికి 'ఒజాక్', అంటే పొయ్యి.

దొమాతెస్ దారి ఒకసారి దగ్గరగా చూడండి. మెక్సికోలోని నాహువాట్ల్ భాషలో ఉన్న మాటను స్పానిష్ వారు తీసుకున్నారు, గ్రీకులో అది 'దొమాతా' అయింది, దాని బహువచనం 'దొమాతెస్'. టర్కిష్ ఆ బహువచనాన్నే ఒక్క కాయకు పేరుగా పెట్టుకుంది. ఇప్పుడు ఎక్కువ కాయలు ఉంటే 'దొమాతెస్‌లెర్' అనాలి. బహువచనానికి మళ్లీ బహువచనం. బంగాళాదుంప 'పతాతెస్' కూడా అంతే. మాట చివర అనవసరంగా కనబడే ఆ 'ఎస్' ఇచ్చినవారి వేలిముద్ర. అలాగే కొత్తిమీరను పోలిన 'మైదనోజ్' అనే ఆకు పేరులో గ్రీకులు మాసిడోనియా పేరు దాచిపెట్టారు.

మనం కొత్తగా వచ్చినదాన్ని సీమచింత అన్నట్టే, టర్కిష్ కూడా దేశాల పేర్లు పెట్టుకుంది. మొక్కజొన్న 'మిసిర్', అంటే ఈజిప్టు. నారింజ 'పొర్తకాల్', అంటే పోర్చుగల్. ఇంగ్లీషువారు టర్కీ అని పిలిచే కోడికి టర్కీలో పేరు 'హింది', అంటే భారతదేశానిది. ఆ కోడీ, ఆ మొక్కజొన్నా రెండూ పుట్టింది అమెరికా ఖండంలో. పేరులో దేశం కనబడితే అది వస్తువు పుట్టిన చోటని నమ్మకూడదు. జనం ఎక్కడినుంచి వచ్చిందని అనుకున్నారో మాత్రమే అది చెబుతుంది.

మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లు

మనుషుల పేర్లలో అరబ్బీవి ఎక్కువ, కానీ వాటికి టర్కిష్ రూపం వచ్చింది. ముహమ్మద్ 'మెహ్మెత్' అయింది, ఆయిషా 'ఐషె', ఖదీజా 'హతిజె', ఉస్మాన్ 'ఒస్మాన్'. పారశీకం నుంచి 'గుల్' వచ్చింది, మన గులాబీలో ఉన్నది అదే. సొంత పేర్లలో 'దెనిజ్' అంటే సముద్రం, 'యిల్దిజ్' అంటే నక్షత్రం. నన్ను నిలబెట్టి చదివించేవి మాత్రం క్రియలే పేర్లైనవి. 'దుర్సున్' అంటే 'ఉండుగాక', పిల్లలు పుట్టి పోతున్న ఇంట్లో దక్కాలని కోరుకుంటూ పెట్టిన పేరు. 'యాషార్' అంటే బతుకుతాడు. 'యెతెర్' అంటే చాలు, వరుసగా ఆడపిల్లలు పుట్టిన ఇంట్లో చివరి పిల్లకు పెట్టేవారు. ఒక తల్లి భయమూ, ఒక పిల్లకు పుట్టుకతోనే అంటిన నిరాశా రెండూ ఈ చిన్న మాటల్లో ఉన్నాయి.

ఇంటిపేర్లకు ఒక తేదీ ఉంది. 1934 జూన్ 21న చేసిన చట్టం ప్రతి కుటుంబం ఒక ఇంటిపేరు పెట్టుకోవాలని ఆదేశించింది. టర్కీ గణతంత్ర స్థాపకుడు ముస్తఫా కెమాల్‌కు 'అతాతుర్క్' అనే ఇంటిపేరు ఆ ఏడాది నవంబరు 24న వచ్చింది. కాబట్టి 'యిల్మజ్' (బెదరనివాడు), 'దెమిర్' (ఇనుము), 'కయా' (బండ) వంటి ఇంటిపేరును చూసి వందల ఏళ్ల వంశచరిత్ర ఊహించకూడదు. చాలామంది నచ్చిన మాటను ఆనాడు ఎంచుకున్నారు.

ఊళ్ల పేర్లకు ప్రాచీన రూపమే ఆధారం. 'కైసెరి' రోమన్ సీజర్ పేరిట ఉన్న కైసరేయా, 'కొన్యా' పాత ఇకోనియోన్, 'బుర్సా' ప్రూసా. ఇస్తాంబుల్ 'నగరంలోకి' అనే అర్థమున్న గ్రీకు పదబంధం 'ఈస్ తిన్ పోలిన్' నుంచి వచ్చిందని పండితుల నిర్ణయం. ఒస్మానీలు దాన్ని 'ఇస్లాంబోల్' అని, ఇస్లాం నిండిన ఊరని వివరించుకుని నాణేల మీద కూడా ముద్రించారు. ఆ వివరణ ప్రజల భక్తికి సాక్ష్యమే గాని మాట పుట్టుకకు సాక్ష్యం కాదు.

పోలికలు చేసే మోసం

టర్కిష్‌లో నలుపు 'కరా', మనకు కారుచీకటి, కారుమబ్బు ఉన్నాయి. అక్కడ 'కపా' అంటే మూయు, ఇక్కడ కప్పు. బహువచనానికి అక్కడ 'లర్', ఇక్కడ 'లు'. ఈ మూడూ కనబడినప్పుడు రెండు భాషలకూ చుట్టరికం పట్టుకున్నానని నేను చాలా సంబరపడ్డాను. కానీ ఏ రెండు భాషలను పక్కపక్కన పెట్టినా ఇలాంటివి కొన్ని దొరుకుతాయి. చుట్టరికం చెప్పాలంటే ఒక ధ్వని స్థానంలో ఇంకొక ధ్వని క్రమం తప్పకుండా వందల మాటల్లో రావాలి. 1936లో టర్కీలోనే 'సూర్య భాషా సిద్ధాంతం' పేరిట ప్రపంచ భాషలన్నిటికీ మూలం తుర్కు భాషేనని వాదించి, దొరికిన ప్రతి మాటకూ తుర్కు మూలం చూపించారు. ఆ సిద్ధాంతం నిలవలేదు. పోలికను తీసిపారేయనక్కరలేదు, రాసుకోండి, కానీ రుజువుల పుటలో మాత్రం రాయకండి.

రాసుకునే పద్ధతి నాకు ఇలా కుదిరింది. ఒక్కో మాటకు ఒక్కో పుట పెట్టి, నేటి రూపం, దొరికిన పాత రూపం, చివరిగా ఇచ్చిన భాష, మొదటి మూలం, అర్థంలో మార్పు, అనుమానాలు అని వేర్వేరుగా రాసుకుంటాను. నీటి మీదుగా పొగ పీల్చే హుక్కాకు టర్కిష్‌లో 'నర్గిలె' అని పేరు. ఆ పుటలో మొదట రాసుకున్నది 'న'తో మొదలయిందనీ, 'అ' వెనుక వర్గం, 'ఇ', 'ఎ' ముందు వర్గం కనుక పొందిక చెడిందనీ. రెండు గుర్తులూ పరాయి మాట అనే చెప్పాయి. నిఘంటువు పారశీకం అని చెప్పింది, అక్కడ 'నార్గీల్' అంటే కొబ్బరికాయ. నీళ్లు పోసే కుండగా తొలినాళ్లలో కొబ్బరి చిప్ప వాడారు కనుక కాయ పేరు పరికరానికి వచ్చింది. పారశీకానికి ముందు ఎవరిదని వెతికితే సంస్కృతం చేరాను, మూలం అనే గడిలో రాయవలసిన మాట నారికేళం.